పాత 407లో గుర్రాలు తేవచ్చా? తేవచ్చు, కానీ ఇంజన్‌ని చూసి నిర్ణయించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మొయినాబాద్ దగ్గర మీకు పొలం ఉంది. నాన్నగారు కూరగాయలకి తిప్పిన 2006 మోడల్ టాటా 407 ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. డిసెంబరులో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడ గుర్రాల సంతకి వెళ్లి రెండు మార్వాడీ గుర్రాలు కొని, అందులోనే తెచ్చుకోవాలని మీ ఆలోచన. ఇంట్లోవాళ్లేమో పాత బండి, మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావని అడ్డుపడుతున్నారు.

తేవచ్చు. ఆ బండిని నేను కూడా నమ్ముతాను. అయితే మీరు ఇంజన్ బాగుందన్న ధైర్యంతో ఉన్నారు, ఇంట్లోవాళ్లు ఇంజన్ ఆగిపోతుందన్న భయంతో ఉన్నారు. గుర్రాల ప్రయాణంలో దెబ్బలు ఇంజన్ వల్ల తగలడం తక్కువ. నేల జారడం, బ్రేకు కుదుపు, గట్టి కమాన్లు (చక్రాల దగ్గర బరువు మోసే స్ప్రింగు పట్టీలు), లోపలికొచ్చే పొగ, తల పైకి లాగి కట్టడం, ఇవీ గుర్రాన్ని పాడుచేసేవి. వీటిలో ఏదీ బండి స్టార్ట్ అయిందా లేదా అన్నదాన్ని బట్టి తెలియదు.

ముందు ఇంజన్ సంగతి తేల్చేద్దాం. టమాటా లోడు మధ్యలో ఆగితే ఇంకో బండి పిలిచి మార్చుకుంటారు. హైవే పక్కన, లారీలు పోతుంటే, కొత్తగా కొన్న గుర్రాన్ని ర్యాంపు లేకుండా దించలేరు. అందుకే పాడయ్యాక బాగుచేసుకుందాం అనే లెక్క ఇక్కడ కుదరదు, పాడయ్యేలా ఉన్నవన్నీ ముందే మార్చాలి. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, డీజిల్ ఫిల్టర్, క్లచ్ ప్లేటు, బ్యాటరీ టెర్మినల్స్, టైర్లు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. పైన గాళ్లు అరగకుండా బాగున్నా ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన టైరుని నమ్మకండి. ఈ పని చేశాక మీ 407 కొత్త బండికంటే ఒక విషయంలో మెరుగు. మెకానికల్ పంపు ఉన్న ఆ ఇంజన్‌ని దారిలో బీడ్‌లోనో ఉమర్గాలోనో రోడ్డు పక్క మెకానిక్ పానాలతో విప్పి సరిచేస్తాడు. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 బండిలో ఒక సెన్సర్ మొరాయిస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి వచ్చేదాకా గుర్రాలు బండిలోనే నిలబడాలి.

ఇప్పుడు అసలు పని. 407 కమాన్ కట్టలు రెండు టన్నులకి పైగా మోయడానికి కట్టినవి. కూరగాయల బండి కాబట్టి ఎవరో ఒకరు అదనంగా ఇంకో పట్టీ కూడా వేయించి ఉంటారు, అది మన దగ్గర మామూలే. మార్వాడీ గుర్రం ఒక్కొక్కటీ 350 నుంచి 450 కిలోలు ఉంటుంది. రెండూ కలిపితే 900 కిలోలు దాటదు. అంటే మీ బండి కమాన్ల దృష్టిలో దాదాపు ఖాళీగా పోతున్నట్టే. ఖాళీ బండి వెనక కూర్చుని గుంతల రోడ్డు మీద వెళ్లినవాళ్లకి ఆ ఎగురుడు తెలుసు. మనిషి కూర్చుంటాడు, కడ్డీ పట్టుకుంటాడు. గుర్రం గంటల తరబడి నాలుగు కాళ్ల మీద నిలబడి ప్రతి కుదుపునీ కండరాలతో ఆపుకోవాలి. బండి దిగేసరికి పరిగెత్తి వచ్చినంత అలసిపోతుంది. కాబట్టి కమాన్ల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, అదనంగా వేసిన పట్టీలు తీయించి, తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయిన పట్టీలని విడదీసి గ్రీజు పెట్టించండి. షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించండి. టైర్లలో గాలి కూడా నిండు లోడుకి కొట్టినంత కొట్టకండి, మీరు వేసే బరువుకి టైరు కంపెనీ చార్టులో ఎంతుంటే అంతే. ఈ ఖర్చు ఇంజన్ ఓవర్‌హాల్‌తో పోలిస్తే చాలా తక్కువ. గుర్రానికి జరిగే మేలు మాత్రం దీనివల్లే ఎక్కువ.

కుదుపు ఇంకో దారిలో కూడా వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అరిగిపోయినా, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోయినా, గేరు మార్చిన ప్రతిసారీ బండి టక్‌మని ఒక దెబ్బ వేస్తుంది. ఏళ్ల తరబడి అదే బండి తోలినవాళ్లకి అది వినపడదు, అలవాటైపోయి ఉంటుంది. ఇంకొకరిని తోలమని మీరు వెనక బాడీలో నిలబడి చూడండి. బ్రేకులు కూడా అలాగే. పట్టడం ఒక్కటే చాలదు, నాలుగు చక్రాలూ సమంగా, మెల్లగా పట్టాలి. వీల్ సిలిండర్లు కారుతున్నాయా, బూస్టర్ వాక్యూమ్ నిలబడుతోందా, డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయా చూపించండి. ఒక పక్కకి లాగే బ్రేకు ఉన్న బండిలో గుర్రం ఎక్కించకూడదు, అంతే.

నేల గురించి నేను కొంచెం గట్టిగానే చెప్తాను. గీతల ఇనుప రేకు మీద గుర్రపు మూత్రం పడితే అది సబ్బు రాసినట్టు తయారవుతుంది. లాడం ఉన్న కాలు జారితే, రెండో కాలు పట్టు దొరక్క, గుర్రం కూలబడుతుంది. ఇరుకులో కూలబడ్డ గుర్రం లేవడానికి చేసే పెనుగులాటలో తనకీ పక్కదానికీ కాళ్లు విరుగుతాయి. చెక్క నేల అయితే ప్రతి పలకనీ కింద నుంచి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. పైకి గట్టిగా కనపడే పలక కింద పుచ్చిపోయి ఉండొచ్చు. పాడైనవి తీసేసి దళసరి చెక్క వేయించి, దాని మీద పశువుల షెడ్లలో వాడే రబ్బరు మ్యాట్లు పరిచి, అవి కదలకుండా అంచులకి పట్టీ కొట్టించండి. మ్యాట్ మీద రంపపు పొట్టు, లేదంటే గడ్డి. పొడి ఇసుక వద్దు, గాలికి లేచి ముక్కుల్లోకి పోతుంది. ఎరువులో పురుగుమందులో ఎప్పుడైనా ఆ బండిలో వేసి ఉంటే సోడాతో కడిగి బాగా ఎండబెట్టాలి. గోడలనీ, బోల్టుల తలలనీ, గొళ్లేల కొక్కేలనీ చేత్తో తడమండి. మీ చెయ్యి గీసుకుపోయే చోట గుర్రం చర్మం చీలుతుంది. లోపల మీటరు ఎత్తు వరకు కొబ్బరి పీచు నింపిన గోనె సంచులు కట్టినా చాలు.

పొగ సంగతి పాత బండ్లలోనే ఎక్కువ. సైలెన్సర్ మధ్యలో ఎక్కడ చిల్లు పడినా, నేల సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా పైపు చివర తడి గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెడితే, చిల్లు ఉన్న చోట బుస్సుమని శబ్దం వస్తుంది. అది అతికించి, పైపు కొస బాడీ దాటి బయటికి వచ్చేలా పొడిగించండి. పైన టార్పాలిన్ ముందు సగానికే కట్టండి. మొత్తం మూసేస్తే పొగ, మూత్రం ఘాటు లోపలే నిలుస్తాయి. డిసెంబరు చలి గుర్రాన్ని ఏమీ చెయ్యదు, చెడ్డ గాలే చేస్తుంది.

రెండే గుర్రాలు. సంతలో ధర కలిసొచ్చి మూడోది కూడా కొందామనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 125-ఈ ప్రకారం గుర్రానికి 2.25 చదరపు మీటర్లు ఉండాలి. మీ బండి బాడీ పది అడుగులకి ఆరడుగులు అనుకుంటే అయిదున్నర చదరపు మీటర్లు వస్తుంది. రెండిటికి సరిపోతుంది, మూడిటికి చాలదు. గుర్రాలు ఎక్కే బండిలో ఇంక వేరే సరుకు వేయకూడదు. 1978 నాటి ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ యానిమల్స్ రూల్స్‌లో గుర్రాలకి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగులు, వెనక రెండు గట్టి అడ్డకర్రలు, చుట్టూ మెత్తలు, ఒక మనిషి తోడు, తలలు ఎదురొచ్చే బండ్లకి దూరంగా ఎడమ వైపుకి. ఇవన్నీ పనికొచ్చే మాటలే, కాగితం కోసం రాసినవి కాదు. ఆరడుగుల వెడల్పులో గుర్రాన్ని పూర్తిగా అడ్డంగా నిలబెట్టలేం కాబట్టి 407లో ఏటవాలుగా, తల ఎడమ ముందు మూలకి వచ్చేట్టు నిలబెట్టండి. బొంగు ఛాతీ ఎత్తులో ఉండి కింద ఖాళీ ఉండాలి. కాళ్లు వెడల్పుగా పెట్టుకుంటేనే గుర్రం మలుపుల్లో నిలదొక్కుకుంటుంది. నేల దాకా చెక్క అడ్డం పెట్టి గది కట్టినట్టు చేస్తే ఆ అవకాశం పోతుంది.

అవే రూల్స్‌లో వేగం గంటకి 35 కిలోమీటర్లు దాటకూడదని ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. మీరు పట్టించుకోండి. ఎందుకంటే దాని చుట్టూనే ప్రయాణం ప్లాన్ చేసుకోవాలి. సారంగ్‌ఖేడ నుంచి ధూళే, అక్కడి నుంచి చాళీస్‌గావ్, కన్నడ్ ఘాట్ ఎక్కి ఔరంగాబాద్ (ఇప్పుడు బోర్డుల మీద ఛత్రపతి శంభాజీనగర్), బీడ్, సోలాపూర్, ఆ తర్వాత ఎన్‌హెచ్ 65 మీద ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్. దాదాపు 850 కిలోమీటర్లు. ఆ వేగంతో చక్రం తిరిగే టైమే ఇరవై నాలుగు గంటలు. ఒక్క ఊపులో కొట్టేద్దాం అనే మాట మీ డ్రైవర్ నోట వస్తే ఆ డ్రైవర్‌ని మార్చండి. మూడు రోజులు పెట్టుకోండి: మొదటి రాత్రి ఔరంగాబాద్ చుట్టుపక్కల, రెండో రాత్రి సోలాపూర్ దగ్గర. రెండు చోట్లా గుర్రాలున్నవాళ్లతో ముందే మాట్లాడి, దించి కట్టుకునే చోటు ఖాయం చేసుకోండి. సంతకి వచ్చిన వాళ్లలోనే ఆ దారి వాళ్లు దొరుకుతారు.

రాత్రి దించడం ఎందుకో చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది అలసట కోసమే అనుకుంటారు. గుర్రం రోజులో ఎక్కువ భాగం తల కిందికి వంచి మేస్తుంది. అలా వంచినప్పుడే శ్వాసనాళంలో చేరిన దుమ్ము, కఫం బయటికి జారిపోతాయి. బండిలో తల ఎత్తి పొట్టిగా కట్టేస్తే అవి కిందికి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మామూలుగా గొంతులో ఉండే సూక్ష్మజీవులే లోపలికి చేరి న్యుమోనియా, ఛాతీలో నీరు తెస్తాయి. షిప్పింగ్ ఫీవర్ అంటారు దీన్ని. బండి దిగిన రోజు గుర్రం బాగానే ఉంటుంది, రెండో రోజో మూడో రోజో దాణా వదిలేస్తుంది. కాబట్టి పగ్గం కొంచెం వదులుగా, తల కనీసం ఛాతీ మట్టానికి దించగలిగేలా కట్టండి, అలాగని కాలు తగులుకునేంత పొడుగూ వద్దు. పగ్గాన్ని నేరుగా ఇనుప రింగుకి కట్టకుండా, మధ్యలో సుతిలి తాడు ముడి ఒకటి పెట్టండి. గుర్రం పడితే సుతిలి తెగుతుంది, మెడ కాదు. నాలుగు గంటలకోసారి చెట్టు నీడన ఆపి, ఇంజన్ ఆర్పేసి, పగ్గాలు వదులు చేసి, గడ్డి నేల మీద పెట్టి అరగంట తలలు దించుకోనివ్వండి. ఇంటికొచ్చాక వారం రోజులు పొద్దున, సాయంత్రం థర్మామీటర్ పెట్టండి. 99 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. 102 చూపించినా, దగ్గినా, దాణా మిగిల్చినా డాక్టర్‌కి ఆ పూటే ఫోన్ చేయండి, తెల్లారనివ్వకండి.

తిండి విషయం చిన్నదే. బయలుదేరే ముందు రోజు దాణా సగానికి తగ్గించి ఎండుగడ్డి ఎక్కువ వేయండి. బండిలో దాణా అసలు వద్దు, గడ్డి తడిపి దుమ్ము పోగొట్టి పెట్టండి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో ఇరుక్కుంటే శూల వస్తుంది. నీళ్లు మాత్రం టెన్షన్ పెడతాయి, చాలా గుర్రాలు కొత్త ఊరి నీళ్లు ముట్టవు. సంత దగ్గర తాగుతున్న నీళ్లే డ్రమ్ముల్లో నింపుకోండి. అక్కడ ఉన్నప్పుడే కొంచెం బెల్లం కలిపి అలవాటు చేస్తే, దారిలో ఏ నీళ్లలో బెల్లం వేసినా తాగుతాయి.

ఎక్కించడానికి ర్యాంపు లేదని కంగారు పడొద్దు. 407 నేల సుమారు మూడడుగుల ఎత్తు. మట్టి గట్టుకో దిబ్బకో బండి వెనక్కి ఆనిస్తే గుర్రం నడిచి ఎక్కేస్తుంది, మన పల్లెల్లో పశువులని ఎక్కించేది అలాగే కదా. చెక్క ర్యాంపు చేయిస్తే తొమ్మిది పదడుగుల పొడుగు ఉండాలి, అడ్డ పట్టీలు కొట్టాలి, పక్కన కాలు జారకుండా అంచులుండాలి. సాయీసుని, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, తొందరపెట్టకండి. సంతలో నలుగురు వెనక నుంచి కర్రలతో తోలితే అది ఎక్కుతుంది, నిజమే. కానీ రెండో రోజు ఔరంగాబాద్‌లో మీరు ఒక్కరే ఉంటారు, అప్పుడు ఎక్కదు. అందుకే కొన్నాక ఒక రోజు అక్కడే ఉండి, బండిలోనే గడ్డి పెట్టి, రెండు మూడు సార్లు ఎక్కించి దించండి. మత్తు సూది వేయిస్తే పని సులువవుతుందని చెప్పేవాళ్లుంటారు. మత్తులో ఉన్న గుర్రం కదిలే బండిలో తూలుతుంది. డాక్టర్ పక్కన ఉండి చెప్తే తప్ప ఒప్పుకోకండి.

డ్రైవింగ్ ఎలా ఉండాలంటే, క్యాబిన్‌లో నిండు చూలాలిని కూర్చోబెట్టుకుని తోలినట్టు. మలుపు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు తొక్కకూడదు. ఆపాల్సిన చోటుకి చాలా ముందే గేరు దించుకుంటూ రావాలి. ఎవరు తోలతారో వాళ్లని ఒక పది కిలోమీటర్లు వెనక బాడీలో, ఏమీ పట్టుకోకుండా నిలబెట్టి ఊళ్లో రోడ్డు మీద మెల్లగా తిప్పండి. వంద మాటలు చెప్పడం కంటే ఆ పది కిలోమీటర్లు ఎక్కువ నేర్పుతాయి. తర్వాత రెండు గుర్రాల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసుకుని వికారాబాద్ వెళ్లి రండి, అనంతగిరి ఎక్కి దిగండి. వేడి ముల్లు ఎక్కడుంది, బ్రేకు డ్రమ్ము ముట్టుకుంటే ఎంత కాలుతోంది, అక్కడే తెలుస్తుంది.

కాగితాల్లో మీకు తెలియని చిక్కు ఒకటుంది. 12 ఏళ్లు దాటిన రెండు ఇరుసుల బండికి నేషనల్ పర్మిట్ ఇవ్వరు. మీది 2006 మోడల్, కాబట్టి మహారాష్ట్రకి వెళ్లడానికి ఆర్టీఏ ఆఫీసులో టెంపరరీ పర్మిట్ తీసుకోవాలి. జంతువులని తీసుకెళ్లే బండికి ప్రత్యేక లైసెన్స్ అని కూడా ఆ 125-ఈ లోనే ఉంది, అదీ అక్కడే అడగండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ప్రతి ఏడూ చేయించాలి, 15 ఏళ్లు దాటినవాటికి ఫీజు కూడా బాగా ఎక్కువైంది. గ్రీన్ టాక్స్ బాకీ ఉంటే కట్టేయండి. గుర్రాల వైపు నుంచి సంత రసీదు, ప్రయాణానికి తగినట్టున్నాయని, అంటురోగం లేదని వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ దగ్గర ఉండాలి. రాత్రిపూట చెక్‌పోస్టులో జంతువుల బండి కనపడితే ఆపడం ఖాయం. కాగితాలు తడుముకుంటూ గంటసేపు నిలబడితే ఆ గంట గుర్రాలు కూడా నిలబడాలి.

గ్లాండర్స్ పరీక్ష విషయంలో మొహమాటం వద్దు. అది గుర్రం నుంచి మనిషికీ వచ్చే జబ్బు. వైద్యం చేసి బతికించే జబ్బు కాదు, తేలితే చట్టప్రకారం గుర్రాన్ని చంపేయాలి. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి రిఫరెన్స్ ల్యాబ్. అమ్మేవాడు రిపోర్టు చూపిస్తే తేదీ చూడండి, అందులో రాసిన రంగు, నుదుటి చుక్క, తెల్లకాళ్లు, సుడులు ఎదురుగా ఉన్న గుర్రంతో ఒక్కొక్కటీ పోల్చండి. పంచకళ్యాణి (నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్నది) అని ఎక్కువ ధర చెప్పేవాళ్లు ఆ పోలికకి అభ్యంతరం చెప్పకూడదు. ఇంటికి తెచ్చాక కూడా మూడు వారాలు మీ పాత జంతువులకి దూరంగా, వేరే బక్కెట్లతో ఉంచండి.

కొన్ని సందర్భాల్లో మాత్రం మీ బండి వద్దంటాను. చాసిస్ మీద ఎక్కడైనా వెల్డింగ్ చేసిన పగులు ఉంటే, చూడి గుర్రాన్నో పాలు తాగే పిల్లతో ఉన్న తల్లినో కొంటే, లేదా ప్రయాణం ఏప్రిల్, మే నెలలకి జరిగితే, అద్దె బండే తీసుకోండి. రేసు గుర్రాలని మోయడానికి కట్టిన బండ్లు మలక్‌పేట రేస్‌కోర్స్ వైపు అడిగితే దొరుకుతాయి. ధర ఎక్కువే, కానీ మెత్తలు, ర్యాంపు, తెలిసిన సాయీసు అన్నీ కలిపే వస్తాయి. మామూలు డీసీఎం మాట్లాడుకోవడం మాత్రం మీ 407 కంటే మంచిది కాదు. దాని నేలని, కమాన్లని, బ్రేకులని మీరు సరిచేయించలేరు, దాని డ్రైవర్‌కి తిరుగు లోడు తొందర ఉంటుంది.

సంత దత్త జయంతికి, అంటే మార్గశిర పౌర్ణమికి. దసరా అయిన వెంటనే బండి మేస్త్రీ దగ్గర పెడితే టైముకి అవుతుంది, దీపావళి తర్వాత అంటే కష్టం. ముందుగా మూడు ఫొటోలు పెట్టండి: వెనక కమాన్ కట్ట పక్కనుంచి, బాడీ నేల కింద నుంచి, సైలెన్సర్ మొత్తం పొడుగునా. బాడీ లోపలి కొలతలు కూడా టేపు పెట్టి రాయండి. ఎన్ని పట్టీలు తీయాలో, బొంగులు ఎక్కడ బిగించాలో చూసి చెప్తాను.